మైపాడులో మందు అడిగాను

తాగుడు మానేసిన మనిషికి సెలవులు రావడం అంత మంచిది కాదు. పనిరోజుల్లో అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుకుంటూ, తప్పు పడిన అక్షరాల మీద కోపం తీర్చుకుంటూ ఎలాగో సాయంత్రం దాకా నెట్టుకొస్తాను. ఇంటికి పోయే దారిలో మూడు సారాదుకాణాలున్నాయి. మా హైదరాబాదులో వాటికేం కొదవ? రోడ్డుకి రెండో పక్కన తల వంచుకుని నడుస్తాను. ఏడు నెలలుగా ఇదే పని. మానేసిన కొత్తలో ఉండే పట్టుదల, నలుగురూ భుజం తట్టి మెచ్చుకోవడం, ఇవన్నీ మూడో నెలకే అయిపోయాయి. మిగిలింది అలసట. "నీ మొహం తాగినప్పుడే కాస్త కళగా ఉండేదోయ్" అని మా ఫోర్‌మన్ ఒకసారి సరదాకి అన్నాడు. ఆ మాట వారం రోజులు నన్ను వదల్లేదు. ఆసుపత్రి డాక్టరు నా నాడి చూసి, నాలుక చూసి, పది రోజులు ఎక్కడికైనా వెళ్ళి రమ్మన్నారు. సముద్రపు గాలి అయితే మరీ మంచిదన్నారు.

ఎక్కడికి అన్నది పెద్ద ఆలోచన కాలేదు. ఆంధ్ర జిల్లాల్లో మద్యనిషేధం ఉంది, మా వైపు లేదు. నెల్లూరు జిల్లాలో సముద్రం ఉంటుంది, చుక్క ఉండదు అనుకున్నాను. ఇంత వయసొచ్చి, పదమూడేళ్ళు తాగి కూడా అలా అనుకున్నానంటే నా అమాయకత్వాన్ని మీరే అర్థం చేసుకోండి. మా ఆఫీసులో కంపోజిటరు ఒకాయనకి మైపాడులో మేనమామ ఉన్నారు. దానియేలు మాస్టారంటారు. బడి ఉద్యోగం నుంచి రిటైరై, ఊళ్ళో చిన్న చర్చికి పెద్దగా ఉంటున్నారు. ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందనీ, రోజుకి రెండు రూపాయలిస్తే భోజనంతో సహా ఉండవచ్చనీ ఉత్తరం వచ్చింది. నాలాగే మానేసి, నాలాగే అలిసిపోయి, ఎక్కడికైనా పోదామా అనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను. తక్కినవారూ చదవవచ్చు. దారీ, ఛార్జీలూ అందరికీ ఒకటే.

బయల్దేరే ముందు సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంటి తాళంచెవి నా దగ్గర ఉండదు. నిరుడు వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నమే తాగొచ్చి, లోపల గడియ పెట్టుకుని పడిపోయాను. బడి నుంచి వచ్చిన మా అమ్మాయి వసంత రెండు గంటలు వానలో తలుపు కొడుతూ నిలబడింది. మా ఆవిడ రాజ్యం పక్కింటివాళ్ళ చేత తలుపు ఊడదీయించింది. నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త తాళం కొని, రెండు చెవుల్లో ఒకటి తన మెడలో గొలుసుకి వేసుకుంది, రెండోది పెట్టెలో దాచింది. గుమ్మం పక్కన నా తాళంచెవి వేలాడే మేకు అప్పటినుంచీ ఖాళీ. మానేసి ఏడు నెలలైనా, ఆఫీసు నుంచి త్వరగా వస్తే సొంత ఇంటి మెట్ల మీద కూర్చుని ఎదురుచూస్తాను. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే గాలి కోసం కూర్చున్నానంటాను.

ఈ ప్రయాణం మాట చెప్పినప్పుడు రాజ్యం వద్దనలేదు. మర్నాడు ఒక పోస్టుకార్డు నా చేతిలో పెట్టింది. దాని మీద మా ఇంటి చిరునామా తన అక్షరాలతో రాసి ఉంది, రెండో వైపు ఖాళీ. "ఇది మాస్టారు గారికి ఇవ్వండి. మీరు వచ్చేసేముందు ఆయన చేత్తో రెండు ముక్కలు రాసి, ఆయన్నే డబ్బాలో వెయ్యమనండి" అంది. "ఏమని రాయాలి?" అన్నాను. "ఆయన చూసింది రాస్తారు" అంది. ఆ తరవాత ఇంకో మాట కూడా అంది: "బాగా రాస్తే ఆ మేకు ఖాళీగా ఎందుకు?" నా నడవడికి సర్టిఫికెట్టు నేనే సంచిలో మోసుకుంటూ సెలవులకి బయల్దేరాను.

సికింద్రాబాదులో బండి మధ్యాహ్నం. మూడో తరగతి టిక్కెట్టు పన్నెండు రూపాయల చిల్లర. నా ఎదురు సీట్లో నలుగురు కాంట్రాక్టరు మనుషులు కూర్చున్నారు. కాజీపేట దాకా పేకాడారు. కాజీపేట దాటగానే అందరికీ కంగారు మొదలైంది. వాళ్ళ దగ్గర రెండు సీసాలున్నాయి. బెజవాడలో ఎక్సైజు వాళ్ళు ఎక్కి సామాను వెతుకుతారట, సరిహద్దు వచ్చేలోపు సీసాలు ఖాళీ కావాలి. ఖమ్మంమెట్టు వచ్చేసరికి ఒకటి పూర్తయింది గానీ రెండోది సగం కూడా కాలేదు. పాపం, తాగలేక తాగుతున్నారు. వాళ్ళలో లావుపాటాయన నా వైపు గ్లాసు చాచి, "మీరూ ఒక చెయ్యి వెయ్యండి సార్, పుణ్యం ఉంటుంది. పారబొయ్యాలంటే ప్రాణం ఒప్పుకోవట్లేదు" అన్నాడు.

"నాకు కడుపులో పుండు" అన్నాను.

ఇది నా మామూలు అబద్ధం. పెళ్ళిళ్ళలో పుండు, ఆఫీసు పార్టీల్లో శనివారం ఉపవాసం, చుట్టాలింట్లో గొంతునొప్పి. తాగే రోజుల్లో తాగలేదని అబద్ధాలు చెప్పాను. మానేశాక ఎందుకు తాగనో చెప్పడానికి అబద్ధాలు చెబుతున్నాను. లావుపాటాయన జాలిపడి, పుండుకి మజ్జిగ మంచిదని చెప్పి, గ్లాసు తనే ఎత్తాడు. మధిర దగ్గర సీసా కిటికీలోంచి బయటికి వెళ్ళింది. ఆ వాసన పెట్టెలో బెజవాడ దాకా ఉంది. నేను తువ్వాలు మొహాన కప్పుకుని, నిద్ర పట్టినట్టు పడుకున్నాను.

తెల్లవారేసరికి నెల్లూరు. స్టేషన్ బయట హోటల్లో కారందోసె, కాఫీ కలిపి ఆరణాల లోపే. ఇప్పుడు నయాపైసల్లో ముప్ఫయ్యయిదు అంటారు. ఇందుకూరుపేట బస్సు ఏడున్నరకి. దారంతా రెండు పక్కలా వరిచేలు, అప్పుడప్పుడు కొబ్బరితోటలు. తొమ్మిది కాకముందే ఇందుకూరుపేటలో దింపేస్తారు. అక్కణ్ణుంచి మైపాడుకి జట్కా మాట్లాడుకోవాలి. రూపాయిన్నర అడుగుతారు, రూపాయిపావుకి వస్తారు. నేను ఎక్కిన జట్కా తోలే మస్తాన్‌కి మాటలంటే ప్రాణం. నాది హైదరాబాదని తెలియగానే వెనక్కి తిరిగి కూర్చున్నాడు. గుర్రం దారి దానంతట అది చూసుకుంది.

"హైదరాబాదా సార్! ఆడ బహిరంగంగా అంగడి పెట్టి అమ్ముతారంట గదా?"

"అమ్ముతారు."

"ఇక్కడ నిషేధం సార్. అట్టని మీరేం దిగులుపడబాకండి. ఏమన్నా కావాలంటే నా చెవిలో ఒక్క మాట వెయ్యండి. పోలీసోళ్ళకి దొరకదు గానీ మనుషులకి దొరుకుద్ది."

నాలుగు వందల మైళ్ళు వచ్చి, ఊళ్ళో అడుగు పెట్టకముందే దుకాణం నా పక్కన వచ్చి కూర్చుంది. మళ్ళీ పుండు సంగతి చెప్పాను. మస్తాన్ కూడా జాలిపడ్డాడు. కాలువ దగ్గర జట్కా ఆగిపోయింది. మద్రాసు వైపు ఉప్పు బస్తాలతో పోయే పెద్ద పడవ ఒకటి తీరిగ్గా వెళుతుంటే అది దాటేదాకా ఆగి, చిన్న పడవలో అవతలికి చేరాను. అర్ధణా. అవతల ఇసుకదారి, సరుగుడు చెట్లు, వాటి వెనక హోరు. అంత అలసటలోనూ ఆ హోరు విని కాస్త ప్రాణం లేచి వచ్చింది.

మాస్టారి ఇల్లు ఊరికి ఈ చివర, పెంకుటిల్లు. ఆయన పొడుగ్గా, బక్కగా, ఇస్త్రీ పంచెతో ఉంటారు. ఎదుటిమనిషిని తప్పు ఎక్కడుందా అన్నట్టు చూస్తారు. నేనూ ఆ వృత్తివాణ్ణే కనుక ఆ చూపు నాకు తెలుసు. భార్య సుగుణమ్మ గారు మాత్రం గుమ్మంలోనే "రాండి అన్నా, కాళ్ళు కడుక్కోండి, ఎండలో వచ్చినారు" అంటూ చెంబు అందించారు. కార్డు మొదటి పూటే మాస్టారి చేతికిచ్చేశాను. నిజం చెప్పాలంటే పడవలో దాన్ని కాలువలో జారవిడిస్తే ఏమవుతుందని ఒక క్షణం అనుకున్నాను. ఆయన చిరునామా చదివి, రెండో వైపు తిప్పి, ఖాళీ చూసి, "ఏమి రాయాల?" అన్నారు. "మీరు చూసింది రాయమంది మా ఆవిడ" అన్నాను. కంపోజిటరు ఏదో కొంచెం రాసే ఉంటాడు, ఆయన మరేమీ అడగలేదు. కార్డుని బైబిల్లో పెట్టి అల్మారాలో పెట్టారు.

మొదటి రెండు రోజులూ తినడం, పడుకోవడం. సుగుణమ్మ గారి చేపల పులుసులో మామిడికాయ ముక్కలు, మొలకొలుకుల బియ్యపు అన్నం. ఇంతకంటే చెప్పను, చదివేవారికి ఆకలేస్తుంది. సాయంత్రాలు కష్టం. తాగే అలవాటున్నవాడికి సూర్యుడు వాలే వేళ ఒళ్ళే గడియారం. ఆ వేళకి ఇసుకలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేవాణ్ణి, కాళ్ళు పీకేదాకా. అక్కడే యాకోబుతో పరిచయమైంది. నలభై ఏళ్ళుంటాయి, వేట అతని బతుకు. పదిమందితో కలిసి ఒడ్డు నుంచి లాగే పెద్ద వల ఉంటుంది, అలివి వల అంటారు. పడవలో తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసల తాళ్ళూ పట్టుకుని జనం ఒడ్డుకి లాగుతారు. మూడో రోజు పొద్దున నేను ఊరికే చూస్తూ నిలబడితే యాకోబు నవ్వి, "చూస్తే ఏం వస్తది సార్, ఒక పట్టు పట్టండి" అన్నాడు. పట్టాను. గంటన్నర లాగాను. ఏడు నెలల్లో మొదటిసారి గంటన్నర సేపు దేన్ని గురించీ అనుకోలేదు.

మర్నాడు పొద్దున మంచం మీంచి లేవలేకపోయాను. ప్రూఫులు దిద్దే నడుము అది, వలలు లాగేది కాదు. గోడ పట్టుకుని లేచి, వంకరగా నడుచుకుంటూ ఒడ్డుకి పోయి, యాకోబుతో నా కష్టం చెప్పుకున్నాను. "ఒళ్ళంతా నొప్పులు. ఈ ఊళ్ళో ఏదైనా మందు దొరుకుతుందా యాకోబూ?" అన్నాను.

యాకోబు వల బాగుచేస్తున్న చెయ్యి ఆపాడు. అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించి, "మందా సార్?" అన్నాడు.

"అవును. కాస్త ఘాటుగా ఉన్నా పరవాలేదు."

"ఘాటుదే ఉంటది. కాలవ అవతలికి పొయ్యి రావాల. మజ్జానానికి తెస్తా. మాస్టారికి మాత్రం చెప్పబాకండి సార్, మీకు దండం పెడతా. ఇంకోసారి నా పేరు వినబడితే బల్లకాడికి రానియ్యనన్నారు."

బల్ల అంటే చర్చిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల. దాని నుంచి దూరం పెడితే సంఘం నుంచి దూరం పెట్టినట్టే. నాటువైద్యం మాస్టారికి ఇష్టం లేదేమో, పసరుమందులవాడి దగ్గరికి పోతాడేమో అనుకుని, చెప్పనని మాటిచ్చాను. రోజూ వెయ్యి మాటలు చదివి తప్పులు పట్టేవాణ్ణి, ఆ ఒక్క మాటకి రెండో అర్థం ఉందని నాకు తట్టలేదు. తాగే రోజుల్లో మా జట్టులో మందు అనేవాళ్ళు కాదు, మా మాట వేరే ఉండేది. మైపాడులో మాత్రం, నిషేధం వచ్చిన తరవాత, నలుగురిలో పైకి అనగలిగిన మాట అదొక్కటే.

మధ్యాహ్నం మాస్టారు ఇందుకూరుపేట వెళ్ళారు. సుగుణమ్మ గారు పెరట్లో ఉన్నారు. యాకోబు కిటికీలోంచి తువ్వాలులో చుట్టిన సీసా అందించి, "పుచ్చుకుని పడుకోండి సార్" అని మాయమయ్యాడు. ఆసుపత్రి సీసానే, మోతాదులకి గుర్తులు కత్తిరించిన కాగితపు పట్టీ కూడా అంటించి ఉంది. నాలుగు మోతాదులు. బుద్ధిగా గ్లాసు తెచ్చుకుని, బిరడా తీసి, ఒక మోతాదు పోశాను. గ్లాసు నోటి దాకా వచ్చింది. అప్పుడు వాసన తెలిసింది.

ఆ తరవాత ఎంతసేపు అలా కూర్చున్నానో చెప్పలేను. గ్లాసు కింద పెట్టలేదు. నేను అడగలేదు, అదే వచ్చింది. నొప్పి నిజం. చుట్టూ ఎవరూ లేరు. మందు అని అడిగాను, మందు అని ఇచ్చాడు, మోతాదు గుర్తులు కూడా ఉన్నాయి, ఇంకేం కావాలి? ఇంత న్యాయంగా, ఇంత సుళువుగా తాగే అవకాశం నా జన్మలో రాలేదు. ఆ క్షణంలో రాజ్యమూ గుర్తు రాలేదు, వసంతా గుర్తు రాలేదు. అది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గుర్తొచ్చింది రేపు పొద్దున. రేపు మళ్ళీ మొదటిరోజు అవుతుంది. ఈ ఏడు నెలల అలసటా మళ్ళీ మొదటినుంచి పడాలి. నాకంత ఓపిక లేదు. నమ్మండి, ఆ గ్లాసు దించింది గొప్ప మనోబలం కాదు, ఓపిక లేకపోవడమే. ఒలక్కుండా మళ్ళీ సీసాలో పోసి, బిరడా బిగించి, తువ్వాలులో చుట్టుకుని ఒడ్డుకి నడిచాను.

యాకోబు పడవ నీడలో ఒక్కడే కూర్చున్నాడు. సీసా చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఏంది సార్, బాగాలేదా? మంచి సరుకే తెచ్చినా. మీకోసమని ఎండలో పొయ్యొచ్చినా."

పుండు నోటి దాకా వచ్చింది. ఎందుకో చెప్పలేకపోయాను. నాకోసం ఎండలో నడిచి వచ్చిన మనిషి. "నేను అడిగింది డాక్టరు మందు యాకోబూ. నేను తాగుబోతుని. మానేశాను. ఏడు నెలలైంది" అన్నాను. ఈ మాట నేను పైకి అనడం అదే మొదటిసారి. రాజ్యంతో కూడా ఇలా అనలేదు.

యాకోబు నన్ను కిందినుంచి పైకి చూశాడు. "ఎవరు మాన్పించినారు సార్? పోలీసోళ్ళా?"

"కాదు. మాకు నిషేధం లేదుగా."

"సంఘం పెద్దలా?"

"ఎవరూ కాదు."

"అంగడి తెరిచి పెట్టుంటే, ఎవరూ అడ్డం లేకుండా, మానినారా?" అన్నాడు. మెచ్చుకోలు కాదది, అతనికి నిజంగానే అర్థం కాలేదు. తలుపు తీసి ఉన్నా బయటికి రాని మనిషిని చూసినట్టు చూశాడు. సీసా తీసుకుని, "పారబొయ్యడం నా చేత కాదు సార్. నేను తాగితే ఇంటిదానికి తెలిసిపోద్ది. నొప్పులన్నారు గదా, ఇట్టా తిరగండి" అన్నాడు. నేను తేరుకునేలోపే నన్ను పడవకి బోర్లా ఆనించి, చొక్కా పైకెత్తి, నాలుగు మోతాదులూ నా వీపు మీద పోసి రుద్దడం మొదలుపెట్టాడు. తాళ్ళు లాగిన చేతులు అవి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సగం మంటకి, సగం నవ్వుకి. నవ్వి ఎన్నాళ్ళయిందో. నొప్పి నిజంగానే సగం తగ్గింది.

ఆ సంతోషంతో ఇంటికి వచ్చాను గానీ, నా ఒంటి మీద ఏముందో గుమ్మం ఎక్కేదాకా గుర్తు రాలేదు. మాస్టారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ముక్కు ఎగబీల్చారు. కళ్ళజోడు తీశారు.

"తాగినారా?"

"లేదు మాస్టారూ. నొప్పులకి మందు అడిగితే సారా ఇచ్చారు. తాగలేదు."

"ఎవరిచ్చినారు?"

"అది అడక్కండి. చెప్పనని మాటిచ్చాను."

"తాగకపోతే ఆ వాసనేంది?"

"వీపుకి రుద్దుకున్నాను."

పదమూడేళ్ళ తాగుబోతు బతుకులో ఇంత చేతకాని అబద్ధం నేను ఒక్కటీ ఆడలేదు. ఇది నిజం. ఒక్క పేరు చెబితే చాలు, మాస్టారు వెళ్ళి అడిగితే సంగతి తేలిపోతుంది, నా మేకుకి నా తాళంచెవి వస్తుంది. యాకోబుకి బల్ల పోతుంది. మాస్టారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "కార్డు నా దగ్గిరే ఉంది" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను చొక్కా విప్పి బకెట్టులో వేసి, అన్నం వద్దని పడుకున్నాను. ఆ ఏడు నెలలూ ఎందుకు పడ్డానో అప్పుడు నాకు అర్థం కాలేదు. తాగినా నమ్మరు, తాగకపోయినా నమ్మరు. అలాంటప్పుడు ఆ గ్లాసు దించడం దేనికి అనుకున్నాను. గట్టిగా ఏడుపొచ్చింది.

మర్నాడు సుగుణమ్మ గారు నా చొక్కా ఉతుకుతూ పిలిచారు. "అన్నా, ఇట్టా రాండి. మీ చొక్కా ముందుపక్క చెమట, ఉప్పు. ఆ కంపు వెనకపక్కే ఉండాది. కాలరు కాడ కూడా లేదు." కాసేపు నీళ్ళు పిండి, "మా నాయన తాగేవాడు. ఆయన చొక్కాలు పదేళ్ళు ఉతికినా. తాగినోడి చొక్కా ముందుపక్కే కంపు కొడతది. వీపున పోసుకున్నోణ్ణి నేను చూళ్ళా" అన్నారు. మాస్టారితో చెప్పారా అని అడిగాను. "చెప్పినా. ఆయన ఏం అనలా" అన్నారు.

మిగిలిన మూడు రోజులూ మాస్టారు భోజనాల దగ్గర నాకు పులుసు వడ్డించమని ఆవిడకి సైగ చేసేవారు, అంతే. ఏడో రోజు పొద్దున ఆయన బైబిల్లోంచి కార్డు తీసి, నాకు వీపు పెట్టి కూర్చుని రాశారు. ఎంతసేపు రాశారో లెక్కపెట్టాను గానీ ఏం రాశారో అడగలేదు. తనే ఇందుకూరుపేట నడిచి వెళ్ళి డబ్బాలో వేసి వచ్చారు. ఎనిమిదో రోజు నేను బయల్దేరుతుంటే యాకోబు సంచి మోయడానికి వచ్చాడు. మాస్టారు గుమ్మంలో నిలబడి అతన్ని పిలిచారు. "ఒరే యాకోబూ, మందులిచ్చే పని డాక్టర్లకి వదిలెయ్యరా." యాకోబు తల వంచుకుని, "అట్టనే సార్" అన్నాడు. "ఆదివారం బల్లకి రా, ఎగ్గొట్టబాక" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు. యాకోబు కాలువ దాకా నా సంచి మోసుకొచ్చాడు. నేను పడవ ఎక్కుతుంటే, "ఎవరూ మాన్పించకుండానే గదా సార్?" అని మళ్ళీ అడిగాడు. అవునన్నాను.

ఇల్లు చేరేసరికి కార్డు నాకంటే ముందే వచ్చి ఉంది. రాజ్యం మంచినీళ్ళిచ్చి, కార్డు కూడా ఇచ్చింది. మాస్టారి గుండ్రటి బడి అక్షరాలు. "అమ్మా, మీవారు క్షేమం. ఒకనాడు సారా వాసనతో ఇంటికి వచ్చినారు. తాగినారనుకున్నాను. నా పొరపాటు. వీపుకి రుద్దుకున్నానన్నారు, అది నిజమని నా భార్య చొక్కా ఉతికి తేల్చింది. ఒకరి పేరు చెబితే నేను అప్పుడే నమ్మేవాణ్ణి, చెప్పలేదు. నమ్మవచ్చు." ప్రూఫు చూసే అలవాటుతో రెండుసార్లు చదివాను. దిద్దవలసిందేమీ లేదు. "వీపుకి ఏమిటండీ?" అంది రాజ్యం. మొదటినుంచీ చెప్పాను, గ్లాసు నోటి దాకా రావడం కూడా దాచకుండా చెప్పాను. వీపు రుద్దిన దగ్గర నవ్వింది. గ్లాసు దగ్గర నవ్వలేదు. వసంత మాత్రం, నేను పడవకి బోర్లా పడుకున్న భంగిమ మళ్ళీ చూపించమని సాయంత్రం దాకా వేధించింది.

ఈ ప్రయాణంలో నాకు విశ్రాంతి దొరికిందా అంటే లేదు. వెళ్ళినప్పుడెంత అలిసి ఉన్నానో వచ్చినప్పుడూ అంతే అలిసి ఉన్నాను, నడుం నొప్పి అదనం. చుక్క దొరకని ఊరు వెతుక్కుంటూ వెళ్ళడం తెలివితక్కువ పని. అలాంటి ఊరు లేదు, ఉన్నా అక్కడికి మనం మనల్ని తీసుకునే వెళతాం. అయితే ఆ పడవ నీడలో అన్న మాట తరవాత నాకు పుండు నయమైంది. మొన్న ఆఫీసు పార్టీలో గ్లాసు అందిస్తే, మానేశానండీ అన్నాను. అందించినవాడే ఇబ్బందిపడ్డాడు, నేను కాదు. వెళ్ళాలనుకునేవారికి ఒక్కటే సలహా. మైపాడు వైపు ఒళ్ళునొప్పులొస్తే మందు అని అడగకండి, నొప్పి ఫలానా చోట అని చెప్పండి. అంతకంటే ముందు, దిగిన పూటే అన్నం పెట్టే ఇల్లాలితో మీరు తాగి మానేసినవారని చెప్పెయ్యండి. వేసవి సెలవుల్లో ముగ్గురం మాస్టారింటికి వెళుతున్నాం. ఆ రోజు ఇంటికి తాళం నేను వేస్తాను.